కర్త లేని వాక్యం

“వంట అయిందా?” అని ముందుగదిలోంచి భర్త కేకేశాడు. ఆమె ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో ఇంగ్లీషు నవల పట్టుకుని ఉంది.

ఆయన బడిలో ఇంగ్లీషు మాస్టారు. “గ్రామర్ పుస్తకం ఇస్తే చదవవు, వందేళ్ళ కిందటి నవల చదివితే గ్రామర్ వస్తుందటే?” అని ఆయన వెటకారం. ఎప్పుడో ఆమె “ఐ యామ్ నోయింగ్ హిమ్” అందట. ఇంటికి ఎవరొచ్చినా కాఫీతోపాటు ఆ మాట కూడా వడ్డిస్తాడు. ఆ కాఫీ తెచ్చిచ్చేది ఆమే కాబట్టి నవ్వులు అయ్యేదాకా పళ్ళెం పట్టుకుని నిలబడాలి. ఒళ్ళు మండిపోతుంది.

నవల మాత్రం ఆమెను చూసి నవ్వలేదు. అందులో భోజనం వడ్డించబడుతుంది, పక్కలు వేయబడతాయి, దీపాలు వెలిగించబడతాయి. రెండువందల పేజీల్లో ఎక్కడా ఒక్క చెయ్యి కనబడదు. విసుగొచ్చి పక్కన పెన్సిల్‌తో “ఎవరు?” అని రాసుకుంటూ పోయింది. ఇరవయ్యో “ఎవరు?” దగ్గర పాసివ్ వాయిస్ అర్థమైంది, తన ఇల్లూ అర్థమైంది. ఇక్కడ అంత వ్యాకరణం కూడా అక్కర్లేదు, ‘అవడం’ ఒక్కటి చాలు. గిన్నెలయ్యాయా, బట్టలయ్యాయా, పాప స్నానం అయిందా. “మా ఇంట్లో పనులు ఇట్టే అయిపోతాయమ్మా” అని అత్తగారు పక్కింటావిడతో గొప్పలు పోతుంది. ఆమె గుమాస్తాగా పనిచేసే ఆఫీసులో పై అధికారి ఆమె తయారుచేసినవి చూసి “ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి” అంటాడు, అవేవో వానలైనట్టు.

ఆ ఆఫీసులోనే సీనియర్ గుమాస్తా పోస్టు ఖాళీ అయింది. దరఖాస్తు ఇంగ్లీషులో రాసి రేపు పొద్దున్నే ఇవ్వాలి. “నువ్వు రాస్తే పరువు పోతుంది” అని ఆయనే రాసిపెట్టాడు. ఉత్తరాలు తయారుచేయబడ్డాయి, ఫైళ్ళు నిర్వహించబడ్డాయి. పదకొండేళ్ళ చాకిరీ అంతా ఉంది, చేసిన మనిషే లేదు.

ఆమె పొయ్యి కట్టేసి, కొత్త కాగితం తీసుకుని ముందుగదిలో బల్ల ముందు కూర్చుంది. ‘నేను’ అన్న మాటను ఎక్కడొచ్చినా పెద్దక్షరంతో రాయడం ఒక్కటే ఇంగ్లీషులో ఆమెకు మొదటినుంచీ నచ్చింది. ప్రతి వాక్యం దాంతోనే మొదలుపెట్టింది.

ఆయన వంగి చూశాడు. “ఇన్ని ‘ఐ’లేమిటే? తప్పు.”

“గ్రామర్ తప్పాండీ?”

ఆయన ఎర్రపెన్ను తీసి పేజీ అంతా వెతికాడు. మళ్ళీ మొదటినుంచి వెతికాడు. పెన్నుకి మూత పెట్టాడు.

“గ్రామర్ కాదులే... చూడ్డానికి బాగాలేదు. సరేగానీ, వంట అయిందా?”

“వంట అవదండీ. ఎవరో ఒకరు చెయ్యాలి,” అని ఆమె రెండో పేజీ తీసుకుని పెద్ద ‘ఐ’ ఒకటి రాసింది.