వేలి కింద

రేవణసిద్ధప్ప చాటలోని కందిపప్పును కళ్లు మూసుకుని ఏరుతున్నాడు. రాయేదో, పప్పేదో వేళ్లకే తెలుస్తుందని అతని నమ్మకం. వాకిట్లో ఎండ ఇంకా లేతగానే ఉంది.

"కండ్లు తెరిచి ఏరరాదా? నిన్న పప్పుల రాయి పంటి కిందికొచ్చింది," అంది అతని భార్య తారాబాయి పొయ్యి దగ్గర నుంచి.

"నీ పన్ను గట్టిది. రాయికే దెబ్బ తాకిందేమో."

ఆమె నవ్వలేదు. అతను కుడిచేతి వేళ్లను తొడకు రుద్దుకున్నాడు. ఎండాకాలం నుంచీ తిమ్మిరెక్కి అవి నిద్ర లేవడం లేదు.

అతను పనికెక్కిన బస్సు జహీరాబాద్ దాటింది. చెరకు తోటల మీద మంచు తెల్లగా వాలి ఉంది. అది కరిగేసరికి అతను రాష్ట్ర సరిహద్దు అవతల, శిక్షణ విమానాలు బాగుచేసే షెడ్డులో ఉన్నాడు. అక్కడ అతను పనిలో చేరి ముప్పై ఏళ్లు. ఇంజనులో ఎవరి పనిముట్టు జారిపడినా అతన్నే పిలుస్తారు. అది దొరికేదాకా విమానం కదలకూడదు. అతను సన్నటి చేతిని లోపలికి పంపి, ముఖం పైకప్పు వైపు తిప్పి నిలబడతాడు. ఒళ్లంతా వేళ్ల కొసలకు చేరుతుంది. చెరువు అడుగున నడుస్తున్నట్టుంటుంది.

ఆ రోజు బోల్టులు బిగించే చిన్న సాకెట్టు అతని చేతిలోంచే జారింది. జారినట్టు తెలియలేదు. లోపల టంగుమన్నాక అరచేయి చూసుకున్నాడు. ఆ చప్పుడు ఇంకెవరూ వినలేదు.

"శివరాజ్ సార్, సాకెట్టు వడ్డది. నేనే వడేసిన," అన్నాడు.

షెడ్డు చూసుకునే శివరాజ్ నవ్వాడు. "మీరే వడేసి మీరే తీస్తరా? కానియ్యండ్రి సిద్ధప్పన్నా."

అతను వెతికాడు. భోజనాల గంట ఎక్కడో దూరాన మోగి ఆగిపోయింది. రెక్క నీడ కాళ్ల మీదుగా పాకి వెళ్లింది. వేళ్లు దూదిలో తిరుగుతున్నట్టున్నాయి.

"ఈడ లేదు," అన్నాడు చివరికి.

పక్క ఇంజను మీద పనిచేసే నవత టార్చి, కర్రకు కట్టిన అద్దం తెచ్చింది. కింద నుంచి చూసింది. తర్వాత అతని చెవి దగ్గరికి వచ్చింది.

"కాకా, మీ నడిమివేలు దాని మీదనే ఉన్నది."

అతను వేలు నొక్కాడు. చల్లదనం తెలియలేదు, గుండ్రదనం తెలియలేదు.

నవత అయస్కాంతం కడ్డీతో సాకెట్టును బయటికి లాగి అతని చేతిలో పెట్టింది. "మీరే తీసిన్రని చెప్త. ఫికర్ చెయ్యకుండ్రి."

"మళ్లొకసారి నేను లేదంటే, నిజంగనే లేదనుకుంటరు బిడ్డా," అన్నాడు అతను. "విమానంల పైకి పోయెటోళ్లు మీ వయసు పిల్లలు."

సాయంత్రం ఇంటికొచ్చి, ఇంజను పని ఇక తనకు ఇవ్వొద్దని ఒక కాగితం రాశాడు. అక్షరాలు పక్కకు వాలాయి. తారాబాయి చదివి, దాన్ని నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది. చాలాసేపు అతని వేళ్లకు నూనె రాసింది.

తెల్లారి అతను పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి, షెడ్డుకు పోతూ గుండె మీద ఒక జేబు. కాగితం అందులో పెట్టుకుని గడప దాటాడు.

ఇంజనులోకి ఏదీ జారిపడకూడదని జేబు లేకుండా కుట్టిన, అతను రోజూ పనికి వేసుకునే ఖాకీ చొక్కా దండెం మీద ఉంది. గాలికి దాని కుడిచేయి మెల్లగా నిండి, మళ్లీ ఖాళీ అవుతోంది.