నూకరత్నం కాలు కొలిచిన టేపు

నేను ఒక టైలరు టేపుని. అరవై అంగుళాల నిండు టేపునని చెప్పుకోవాలని నాకూ ఉంటుంది గానీ, యాభైతొమ్మిదే. మొదటి అంగుళం, చివరనున్న ఇత్తడి రేకుతో సహా, ఖాదర్ మాస్టారి మిషను సూది మింగేసింది. ఆయన రాజకీయాలు మాట్లాడుతూ ప్యాంటుతోపాటు నన్ను కూడా కుట్టేశారు. విప్పబోతే తెగాను.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, వేలమంది తోబుట్టువులతో, రోలర్ల కింద ఒంటినిండా అంకెలు అద్దించుకుని. పెరిగింది అనకాపల్లిలో. చూపు మందగించి కత్తెర దించేశాక మాస్టారు నన్ను శిష్యురాలు నూకరత్నం మెడలో వేశారు. "ఒక అంగుళం తీసేసుకోమ్మా, మిగతాదంతా నిజమే చెప్తాది" అన్నారు. నా గురించి అంత మంచిమాట మళ్ళీ ఎవరూ అనలేదు.

ఆ ఊళ్ళోనే గవరపాలెంలో రత్నానికి ఒక్క గది కొట్టు, కాలితో తొక్కే మిషను. హుక్కులూ అంచులూ కుట్టడానికి ఆడపడుచు పైడితల్లి. వాళ్ళకో పద్ధతుంది. రత్నం నా మీదున్న అంకె ఉన్నదున్నట్టు పైకి చదివేది. పైడితల్లి అందులోంచి ఒకటి తీసేసి నోటుబుక్కులో రాసేది. పదకొండేళ్ళలో ఒక్క జాకెట్టు చెడలేదు.

అలాంటివాళ్ళు చెడగొట్టింది రత్నం కాలి కొలతే.

కుడి తొడ వెనక, మిషను తొక్కుతుంటే స్టూలు అంచు ఒరుసుకునే చోట గడ్డ లేచింది. నొప్పి లేదు. తలుపేసుకుని, గడ్డ మీద నన్ను పరిచి చూసుకుంది. నా మీద మూడు కనిపించింది. భయపడ్డ మనిషి ఏ లెక్కయినా తొందరగా తగ్గిస్తుంది. అంగుళం తానే తీసేసి "రెండు" అంది. అలవాటు తప్పని పైడితల్లి తన అంగుళం తాను తీసేసి ఒకటి రాసింది.

నాలుగు నెలలు ఇదే వరస. గడ్డ పెరిగి నా మీద నాలుగయ్యేసరికి పుస్తకంలో రెండుంది.

"ఏటి వదినా, ఇంకా రెండేనా?" పుస్తకం చూసి పైడితల్లి.

"నువ్వు రాసిందే కదే."

"రాసింది చూస్తే నిమ్మకాయంత. గడ్డ చూస్తే బత్తాయంతుంది."

"నీకన్నీ పెద్దగానే కనిపిస్తాయి. మొన్న రోజామణిగారి నడుము కూడా అలాగే అన్నావు."

ఎదురుగా ఉన్నదాన్ని వదిలేసి పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మడం చదువుకున్నవాళ్ళ జబ్బనుకునేదాన్ని. అందరికీ వస్తుంది. నాకు నోరుంటే చెప్పేదాన్ని, మూడమ్మా, మూడు నిండింది అని.

చివరికి రత్నానికి జ్వరమొచ్చి ఇద్దరూ వెళ్ళినప్పుడు వీధిచివరి డాక్టరుగారికి పైడితల్లే చెప్పేసింది. ఆయన తన స్కేలు పెట్టి చూశారు.

"మూడుకి పైనే ఉంది. రెండంగుళాలు దాటి, లోతుగా ఉండి, పెరుగుతున్న గడ్డని నేను ముట్టుకోను. కొవ్వుగడ్డే కావచ్చు. కాకపోతే, తెలియక కోసినవాడు పెద్దాసుపత్రివాళ్ళ పని పాడుచేసినవాడవుతాడు. ముందు స్కానింగు, తర్వాత సూదిముక్క, అంటే సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష. విశాఖ వెళ్ళండి."

"నొప్పి లేదు కదండీ?"

"అదే దీని దొంగబుద్ధి."

వదినా ఆడపడుచులు కొట్టుకొచ్చి, పుస్తకం ముందేసుకుని, ఎవరి అంగుళం ఎవరు తీశారో అప్పుడు తెలుసుకున్నారు. పైడితల్లి ఏడ్చింది. రత్నం ఏడవలేదు. నన్ను గట్టిగా చుట్ట చుట్టింది.

సూదిముక్కలో తేలిన పేరు సార్కోమా. కండలోనూ కొవ్వులోనూ పుట్టే క్యాన్సరు, అరుదైనదట. గురువారం గురువారం విశాఖలోని ఆ పెద్దాసుపత్రిలో డాక్టర్లంతా ఒక గదిలో కూర్చుని ఇలాంటివాళ్ళ గురించి తేలుస్తారట. రత్నాన్ని పిలిచేసరికి నేను తన మెడలోనే ఉన్నాను. కొట్టులోంచి నేరుగా రైలెక్కింది మరి.

"టేపు తెచ్చుకున్నారే! మాలో ఎవరికి కుడతారు?" అన్నారు సర్జను పట్నాయక్‌గారు. రత్నం నవ్వలేదు.

"కాలు ఉంటాదా, తీసేస్తారా? అది చెప్పండి చాలు. నేను మిషను తొక్కి బతుకుతాను."

ఆ ఆరుగురూ వాదించుకున్నారు. నేను చాలా ఇళ్ళలో పెళ్ళి జాకెట్ల దగ్గర వాదనలు విన్నాను గానీ, ఇది వేరు. స్కానింగు చదివే డాక్టరమ్మ బొమ్మ చూపించి, "పెద్ద నరానికి ఆనుకుంది, చుట్టుకోలేదు" అంది. ముక్కని పరీక్షించినాయన రకం చెప్పాడు. మందులెక్కించే డాక్టరు, "ఈ రకానికి నా మందు పెద్దగా పనిచెయ్యదు, ఇప్పుడు నా అవసరం లేదు" అన్నాడు. తన విద్యతో పనిలేదని నలుగురిలో ఒప్పుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. ముందు కరెంటు పెడితే గడ్డ అంచు గట్టిపడుతుందని రేడియేషను డాక్టరు, తర్వాత కోస్తానని సర్జను, అక్కడ పడ్డ గుంటని కండతో పూడుస్తానని ప్లాస్టిక్ సర్జను.

"కాలు ఉంచాలనే మా ప్రయత్నం," అన్నారు పట్నాయక్‌గారు. "కానీ గడ్డ అంచు మీద కొయ్యకూడదు. చుట్టూ మంచి కండ కొంత కలిపి తియ్యాలి. నరం దగ్గర ఆ చోటు దొరక్కపోతే మాత్రం మాటివ్వలేను."

"మార్జిన్ వదిలి కత్తిరించాలన్నమాట," అంది రత్నం.

ఆరుగురూ తలెత్తి చూశారు. "మేమూ మార్జిన్ అనే అంటామమ్మా!"

ఐదు వారాలు, శని, ఆదివారాలు వదిలి రోజూ, కరెంటు పెట్టించుకోడానికి ప్యాసింజరు బండిలో విశాఖ వెళ్ళొచ్చింది. తొడ మీద సిరాగీతలు గీసిన టెక్నీషియనమ్మని "వంకరగా గీశావు" అని దెప్పింది. చర్మం కమిలింది. మనిషి చిక్కింది. జాకెట్లు పైడితల్లే కుట్టింది, రెండు చెడగొట్టింది. కరెంటు అయిపోయి నెల దాటాక ఆపరేషను.

లోపలికి తీసుకెళ్తుంటే నన్ను తీసి ఆడపడుచు చేతిలో పెట్టింది. "కాలు లేకుండా తెస్తే మిషను అమ్మకే. మోటారు పెట్టించు, ఎడమకాలితో నొక్కి కుడతాను."

"నోరు ముయ్యి వదినా."

ఆరు గంటలు. పైడితల్లి నన్ను చుట్టింది, విప్పింది. మళ్ళీ చుట్టింది. నా అంకెలు కొన్ని ఆవిడ చెమటకి అక్కడే మాసిపోయాయి. పట్నాయక్‌గారు బయటికొచ్చి, "నరం మిగిలింది. కాలు ఉంది" అంటే, ఆవిడ నమస్కారం పెట్టబోయి నన్ను ఆయన చేతులకి చుట్టేసింది. రెండు వారాలకి పరీక్ష రిపోర్టు వచ్చింది. తీసిన కండ అంచుల్లో ఎక్కడా గడ్డ తాలూకు కణం లేదు.

ఇప్పుడు నేను అనకాపల్లిలో లేను. అదే ఆసుపత్రి ఫిజియోథెరపీ గదిలో, కసరత్తులు చేయించే జ్ఞానసుందరిగారి సొరుగులో ఉంటున్నాను. ఇక్కడి టేపు సెంటీమీటర్లది. "దాని మాట నేను నమ్మను" అని రత్నం నన్ను వదిలేసి వెళ్ళింది. ఇక్కడికొచ్చే పెద్దమనుషులు, ఆవిడ నాతో పిక్క కొలుస్తుంటే కూడా పొట్ట లోపలికి లాక్కుంటారు. అలవాటు.

మూడు నెలలకోసారి రత్నం ఊపిరితిత్తుల స్కానింగుకి వస్తుంది. ఆ రోగం తిరిగొస్తే ముందు అక్కడికే వస్తుందట. ఈసారీ ఏమీ లేదన్నారు. మళ్ళీ మూడు నెలలకి ఏమంటారో ఎవరూ చెప్పలేరు, తనూ అడగదు. కొంచెం ఎగుడుదిగుడుగా నడుస్తూ నా దగ్గరికొస్తుంది. కోసిన తొడ రెండో తొడకన్నా పలచబడింది. కండ మళ్ళీ పట్టడానికి మిషను తొక్కితే అదే కసరత్తని జ్ఞానసుందరిగారు చెప్పారు.

మొన్న ఆవిడ నన్ను తొడకి చుట్టారు. రత్నం పక్కన పైడితల్లి నిలబడింది.

"మీరు పైకి చదవండమ్మా, మేమిద్దరం నోరెత్తం," అంది రత్నం.

జ్ఞానసుందరిగారు చదివారు. పోయినసారికన్నా అరంగుళం ఎక్కువ.

"పెరిగిందే!" అని రత్నం అరిచిన అరుపుకి పక్క గదిలో కట్టు కట్టించుకుంటున్న వాళ్ళు కూడా తొంగిచూశారు.