వంగిన మేకులు

మా నాన్న హెరిబెర్ట్‌కి లెక్కలు రావు, పాట రాదు, పబ్బు యజమాని అయ్యుండి బీరు మీద నురగ నిలబెట్టడం కూడా రాదు. ఆ పనులన్నీ మా అమ్మ ఎల్ఫ్రీడ చూసుకునేది. ఆయనకు వచ్చిందల్లా గోడకు తగిలించిన గుండు పెట్టె ఆడటం. అందులో మాత్రం చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని ఓడించిన మగాడు లేడు.

ఓక్ చెక్క పెట్టె, ముందు అద్దం. పది ఫెనిగ్‌ల చిల్లర బిళ్ళ వేస్తే పైనుంచి ఒక ఉక్కు గుండు ఇత్తడి మేకుల మధ్య తుళ్ళుతూ కిందికి వస్తుంది. కింద రేకుతో చేసిన బాతులు కాసే పిల్ల బొమ్మ ఒకటి ఒడి పట్టుకుని నిలబడి ఉంటుంది. ఎడమ చేత్తో మీట నొక్కిపట్టి, కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఆ పిల్లను అటూ ఇటూ జరిపి గుండును ఒడిలో పట్టాలి. పట్టినవాడికి బిళ్ళలు రాలతాయి, పట్టనివాడి బిళ్ళ పెట్టె మింగేస్తుంది.

ఇక్కడే ఉంది విశేషం. మా నాన్న కుడి మణికట్టు వయసులో ఉన్నప్పుడే చక్కెర ఫ్యాక్టరీలో దుంపలు కోసే యంత్రంలో నలిగింది. అది కుడివైపు తిరుగుతుంది, ఎడమవైపు తిరగదు. అలాంటి చేత్తో ఆయన గుండు మీద గుండు పట్టేస్తుంటే జనం బీరు తాగడం మానేసి చూసేవాళ్ళు. మొదట జాలిపడినవాళ్ళే చివరికి ఆయనకు గ్లాసు కొనిచ్చి వెళ్ళేవాళ్ళు. ఆ కాసేపు నాన్న వెన్ను నిటారుగా ఉండేది. మిగతా రోజంతా అమ్మ వెనకాల తిరిగే మనిషే.

అమ్మ పోయింది. తర్వాత బొగ్గు గని మా ఊరిదాకా తవ్వుకుంటూ వచ్చింది. ఊరు ఊరంతా ఖాళీ చేసి కొత్త ఊరికి మారాం. చర్చి కూల్చారు. సమాధులు తవ్వి కొత్త శ్మశానానికి తెచ్చారు, అందులో అమ్మా ఉంది. కొత్త ఊళ్ళో మాకు పబ్బు లేదు, గోడలు తెల్లగా మెరిసే ఇల్లుంది. సామాను దించేవాళ్ళు గుండు పెట్టెను మెట్ల మీద జారవిడిచారు. అద్దం పగిలి, గుండు మధ్యలో ఇరుక్కుపోయింది. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఒక్క మాటే అడిగాడు.

"రోస్వితా, ఆ పెట్టె ఒక్కటి బాగు చేయించమ్మా. ఇంకేం అడగను."

నిజంగానే ఇంకేం అడగలేదు. తిండి కూడా అడిగేవాడు కాదు. అదే నాకు భయం.

కొలోన్ నుంచి నోల్డెన్ అనే ఆయన్ని పిలిపించాను. పాత ఆట యంత్రాలు ఎక్కడివో కనిపెట్టి బాగుచేయడంలో ఆయనకు పేరుంది. వచ్చీ రాగానే కోటైనా విప్పకుండా పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనక చెక్క వాసన చూశాడు, మూలల అతుకులు గోటితో గీకాడు, మీట నొక్కి వదిలాడు. ఒక్కసారిగా చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఏవండీ హెరిబెర్ట్ గారూ, మీ దగ్గరున్నదేంటో మీకు తెలుసా?"

"నా పెట్టె."

"మామూలు పెట్టెల్లో టోపీ పట్టుకున్న విదూషకుడుంటాడు, ఒంటిచేత్తో ఆడొచ్చు. ఇది సాక్సనీ ప్రాంతంలో ఏదో చిన్న కార్ఖానాలో చేసింది. రెండు చేతులూ కావాలి. ఇక ఆడేవాడు బీరు గ్లాసు ఎక్కడ పెట్టుకుంటాడు? అందుకే పబ్బులవాళ్ళు కొనలేదు, కార్ఖానావాళ్ళూ చేయడం మానేశారు. దీని నమూనా కాగితం మీద చూశానంతే. అసలుది కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి."

"చూశావుగా. బాగుచేస్తావా, పూజ చేస్తావా?"

"కొత్తగా పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేసిస్తాను."

ఆ మాటకు నేను సంతోషించాను. ఎవరు సంతోషించరు చెప్పండి!

చలికాలమంతా పెట్టె ఆయన దగ్గరే ఉంది. ఈస్టర్ దగ్గర పడుతుండగా తెచ్చి హాల్లో తగిలించాడు. చెక్క తేనెరంగులో మెరుస్తోంది, రేకుపిల్ల బుగ్గలకు ఎరుపొచ్చింది. ఆదివారం ప్రార్థన అవగానే పాత పబ్బు బ్యాచ్ అంతా దిగారు. ముందు యుప్ బాబాయ్. నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, నోటికి తాళం లేని మనిషి. నాన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. ఆయన్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో.

మొదటి గుండు ఎడమవైపు పడింది. నాన్న చెయ్యి అటు తిరగలేదు.

"కొత్త పెళ్ళికొడుక్కి చెయ్యి వణుకుతోందిరోయ్!" అన్నాడు యుప్ బాబాయ్. అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు.

తర్వాతదీ ఎడమవైపే. ఆ తర్వాతది కుడివైపు వచ్చినట్టే వచ్చి చివరి మేకు తగిలి ఎడమకు దూకింది. యుప్ బాబాయ్ ఇంకో రెండు జోకులు వేశాడు. నాన్న పక్కన పెట్టుకున్న గిన్నెలో బిళ్ళలు తరుగుతున్నాయి. కాసేపటికి జోకులు ఆగిపోయాయి. అందరూ వర్షం గురించీ, బంగాళాదుంపల గురించీ మాట్లాడటం మొదలుపెట్టారు. ఎగతాళి చేసినంతసేపూ నాకేం అనిపించలేదు, మర్యాదగా తల తిప్పుకున్నప్పుడు మాత్రం అక్కడ నిలబడలేక ఖాళీ గ్లాసులు తీయసాగాను.

"చాల్లే, ముసలాణ్ణయిపోయాను" అని నాన్న కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

ఆట చూద్దామని వచ్చిన నోల్డెన్‌ని వంటింట్లోకి లాక్కెళ్ళాను.

"ఏం చేశారు మా పెట్టెని?"

"ఏం చేస్తానమ్మా? అన్నీ సరిచేశాను. ఎవడో మోసగాడు మేకులన్నీ వంచి పెట్టాడు, గుండు ఎక్కువగా కుడివైపే పడేలా. ఒక్కో మేకు మీద పటకారు గుర్తులున్నాయి. ఎంత ఓపికో వాడికి, వెంట్రుకవాసి వంచాడు, పైకి కనిపించదు. సరిచేయబోతే పుటుక్కుమని విరిగాయి. అందుకే అన్నీ తీసేసి కొత్తవి కొట్టాను, నమూనా ప్రకారం."

ఆ పెట్టె తాళంచెవి అమ్మ ఏప్రన్ జేబులో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. వారానికోసారి బిళ్ళలు తీయడానికి తెరిచేది. అద్దం తుడుస్తున్నానంటూ చాలాసేపు పెట్టె తలుపు వెనక వంగి ఉండేది. తర్వాత, "ఏమయ్యా, ఓసారి ఆడి చూడు" అని నాన్నను పిలిచి, ఆయన పక్కనే నిలబడి గుండు వంక చూసేది. ఆ పెట్టెలో ఏమీ మిగలట్లేదని గొణిగేది గానీ, తీసి పారేద్దామంటే ఊరుకునేది కాదు.

నేను చెబుతుంటే నోల్డెన్ మొహం పాలిపోయింది. పాపం, మంచివాడే. మంచివాడు కాబట్టే అంత శుభ్రంగా చెరిపేశాడు.

"మళ్ళీ అలాగే వంచండి" అన్నాను.

"ఎలాగమ్మా? విప్పేముందు ఫోటోలు తీశాను, కానీ ఎదురుగా తీసినవి. అంత సన్న వంపు వాటిలో తేలదు. పాత మేకులు కరిగించేవాడికి ఇచ్చేశాను. ఆవిడ ఏళ్ళ తరబడి, ఆయన చెయ్యి చూసి చూసి వంచింది. నేను ఆ చెయ్యి ఆడగా చూసిందే ఇవాళ."

అయినా నా బాధ చూడలేక పెట్టెను వెనక్కి తీసుకెళ్ళాడు. ఊహ మీద వంచి తెచ్చాడు. ఒకసారి గుండు మధ్యలోనే చిక్కుకుంది. ఇంకోసారి ఎటు పడుతుందో దానికే తెలియనట్టుంది. చివరికి ఆయన విసుగెత్తి, గుండు నేరుగా కుడి అంచుకే వచ్చేలా చేసేశాడు.

నాన్న ఒక గుండు పట్టాడు. ఇంకోటి పట్టాడు. మూడోది వేసి, పిడి మీంచి చెయ్యి తీసేసి చూశాడు. కుడి అంచునే పడింది. నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"ఏంటమ్మాయ్ ఇది? పసిపిల్లాడికి గోరుముద్దలు పెడుతున్నారా? ఎవరి తెలివి ఇది, నీదా, ఈయనదా?"

అబద్ధం చెబుదామనుకున్నాను, మానేశాను. అసలు అప్పుడు నాకు చెప్పడమే మంచిదనిపించింది. అమ్మ ఆయన కోసం ఎంత చేసిందో తెలిస్తే ఆ మనిషి కరిగిపోతాడనీ, పెట్టె పోయినా ఆమె ప్రేమ మిగులుతుందనీ ఆశపడ్డాను. తాళంచెవీ, పటకారూ, అద్దం తుడవడమూ అన్నీ చెప్పేశాను. నోల్డెన్ తలుపు దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

నాన్న అంతా విన్నాడు. కోపం రాలేదు. తన కుడిచెయ్యి ఎత్తి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"అయితే నేను పట్టినవేవీ నేను పట్టినవి కావన్నమాట."

"అలా కాదు నాన్నా. తిప్పింది నువ్వేగా."

"ఊరంతటికీ తెలుసా?"

"ఎవరికీ తెలీదు. అమ్మకి తప్ప."

నోల్డెన్ ఏదో అనబోయాడు. నాన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కుర్చీ పెట్టె వైపు కాకుండా ఎదుటి గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన గోడ వంకే చూస్తూ అన్నాడు.

"మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ వెళ్ళేవాణ్ణి కదా. నాకేం మాట్లాడాలో తెలిసేది కాదు. అందుకని ఆ రోజు ఎన్ని గుండ్లు పట్టానో చెప్పేవాణ్ణి. మంచం పక్కన నిలబడి, ఇలా తిప్పాను, అలా లాగాను అని చేత్తో చూపించేవాణ్ణి. ఆమెకి మాట పడిపోయింది గానీ, నేను చూపించిన ప్రతిసారీ నవ్వేది."

"నువ్వంటే ఆవిడకి ప్రాణం నాన్నా. ప్రేమతోనే నవ్వి ఉంటుంది."

నాన్న నా వంక చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు. నిజంగానే నన్ను అడుగుతున్నాడు.

"నువ్వు ఆ నవ్వు చూశావా?"

నేను చూడలేదు. నేను వెళ్ళేసరికి అమ్మ ఎప్పుడూ నిద్రలోనే ఉండేది.