ఆయన నడవని గడ్డి

ఏరా అల్లుడూ, నిన్న నేను లేని పూట ఆ పాత మేడ చూసొచ్చి జేబురుమాలు తడిపేశావటగా? మీ అమ్మ ఫోను చేసి మరీ చెప్పి నవ్వింది. సిగ్గుపడకు. ఆ ఎండుగడ్డి ముందు నిలబడి నీకంటే బండవాళ్లు ముక్కులు చీదారు. వాళ్లలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు. మీరంతా ఆ మేడ చరిత్రను బోర్డు మీద చదివారు. నాకు మాత్రం అది పుట్టిన గంట కూడా తెలుసు. మంగళవారం, ఉదయం పదింపావు.

అప్పటికి నేనా తోటలో మాలీగా చేరి పన్నెండేళ్లు. మేడ ముందు ఫౌంటెన్, దానికి కుడివైపు ఒక పచ్చిక, ఎడమవైపు ఒక పచ్చిక. రెండూ ఒకే కొలత. జనం చూడటానికి మేడ తలుపులు తెరిచే రోజు దగ్గరపడింది. గడ్డి ఇంకాస్త పచ్చగా ఉంటే బాగుంటుందని బలం మందు కలిపి ఎడమవైపు మొత్తం కొట్టాను. కుడివైపుకి మందు చాలలేదు. నాలుగో రోజుకి ఎడమ పచ్చిక కొబ్బరిపీచులా తయారైంది. తీరా డబ్బా చూస్తే అది కలుపు చంపే మందు. రెండు డబ్బాలదీ ఒకే రంగు, నా కళ్లద్దాలేమో గదిలో. అయినా ఐదో తరగతి రెండుసార్లు చదివినవాడికి ఆ డబ్బా మీది చీమతలకాయంత అక్షరాలు కళ్లద్దాలున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

నవ్వకు. ప్రారంభం రోజున తోటలో చిన్న మచ్చ కనబడినా నువ్వు మూట సర్దుకోవాల్సిందేనని మేనేజరు ముందే చెప్పాడు. ఉద్యోగం పోతే నీడా పోతుంది, ఎందుకంటే మీ అత్తయ్యా నేనూ కాపురం ఉండేది ఆ తోట మూలనున్న గదిలోనే. ప్రారంభం రోజు పొద్దున మీ అత్తయ్య గిన్నెలన్నీ గోనెసంచిలో వేసి, ఎవరింటికి పోదామో మీరే తేల్చండి అని గుమ్మంలో కూర్చుంది.

పెద్ద ఆఫీసరమ్మ కారు దిగింది. మేనేజరు పూలగుత్తి పట్టుకుని మెట్ల మీద ఉండగానే ఆవిడ తిన్నగా ఎడమ పచ్చిక దగ్గరికి వచ్చి, ఇదేమిటని అడిగింది. మేనేజరు నావైపు చూసిన చూపుకి నా నోరు పడిపోవాలి. కానీ నా నోటికి అలాంటి జబ్బులు లేవు.

"ఇది ఎండిపోయిన గడ్డి కాదమ్మా, ఎండనిచ్చిన గడ్డి" అన్నాను. "ఈ మేడ కట్టించిన దొరగారు రోజూ సాయంత్రం దీని మీదే నడిచేవారట. ఆయన పోయిన రోజున దొరసానమ్మ ఆ పై కిటికీలోంచి ఒకటే మాట అన్నారట, ఆయన నడవని గడ్డికి నీళ్లెందుకు అని. అప్పటినుంచి ఎవరూ పొయ్యలేదమ్మా."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మేనేజరు, తనకీ సంగతి చిన్నప్పటినుంచీ తెలిసినట్టు బరువుగా తలూపాడు. నెల తిరక్కుండా ఆ కథంతా రాసిన బోర్డు వెలిసింది. గోనెసంచిలోంచి గిన్నెలు బయటికొచ్చాయి.

గండం గడిచిందనుకున్నాను. తొలి వాన పడింది. మర్నాడు ఎడమవైపు సూదుల్లా పచ్చటి మొలకలు. మేనేజరు నన్ను బోర్డు ముందుకి తీసుకెళ్లి నిలబెట్టాడు. అంతే, జనం రాకముందే మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో మొలకా పీకాను. ఆ వానాకాలమే కాదు, ప్రతి వానాకాలం. కుడివైపు పచ్చికను పసిబిడ్డలా సాకేవాణ్ణి, దానివైపు ఒక్కరూ చూసేవాళ్లు కాదు. కొత్త జంటలు ఎండుగడ్డి ముందే నిలబడి ఫొటోలు దిగేవాళ్లు.

నేనారోజు చెయ్యెత్తి చూపించింది మేడ మీద మూడో కిటికీ. అది చీపుళ్ల గది. చీపుళ్లు కిందికి దిగాయి, పాత సామాన్ల దుకాణం నుంచి ఒక కుర్చీ పైకెక్కింది. దొరసానమ్మ కూర్చున్న కుర్చీ అది. వచ్చినవాళ్లకి రోజుకు ఆరుసార్లు కథ చెప్పే పని కూడా నాకే పడింది. ఆరుసార్లూ ఒకేలా చెబితే నాకే విసుగు. అందుకని ఆవిడకి మోకాళ్ల నొప్పులు పెట్టాను. కొన్నాళ్లకి ఆడపడుచుతో పడదని పెట్టాను. ఒకరోజు, పిల్లలు కూడా లేరమ్మా అనేశాను. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

ఇలా పదకొండేళ్లు. మా గది ముందు కుండీలో మీ అత్తయ్య పెంచుకున్న గులాబీ నీళ్లు లేక చచ్చిపోయింది.

"లేని ఆడమనిషి మాట జవదాటరు. ఉన్న పెళ్లాం కుండీ మాత్రం కంటికి ఆనదు" అంది మీ అత్తయ్య.

నేను తోటలోకి వచ్చేశాను. ఆ కిటికీ కిందుగా పోయేటప్పుడు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవడం నాకు అప్పటికే అలవాటు. ఎవరైనా అడిగితే చెమట అని చెప్పేవాణ్ణి.

ఇక ఈ పొద్దున జరిగింది విను. కొత్త ఆఫీసరు వచ్చాడు, నీ వయసువాడే. చంకలో లావుపాటి ఫైలు. నన్ను ఫౌంటెన్ గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాడు. ఈ మేడ కట్టించినవాడు పెంకుల వ్యాపారి. పెళ్లే చేసుకోలేదు. ఇందులో ఒక్క పూట కూడా పడుకోలేదు, పెంకులు దాచుకున్నాడంతే. ఈ పచ్చికలు వేసి ముప్పై ఏళ్లు కూడా కాలేదు.

"దొరా లేడు, దొరసానీ లేదు. ఎవడో పనిలేనివాడు పుట్టించిన కథ ఇది. పాపం, నిన్ను కూడా నమ్మించేశారు పెద్దాయనా" అన్నాడు.

పనిలేనివాడు పక్కనే కూర్చుని, అవునండీ అన్నట్టు తలూపాడు.

తప్పు నాది కాదన్నాడు. ఉద్యోగానికీ గదికీ ఢోకా లేదన్నాడు. బోర్డు ఇవాళే పీకించేస్తానని, రేపటినుంచి ఎడమవైపు కూడా గడ్డి నాటి, కడుపునిండా నీళ్లు పెట్టమని చెప్పాడు. పదకొండేళ్లుగా నా మోకాళ్లు ఎదురుచూస్తున్న మాట అది. నేను ఎగిరి గంతెయ్యాలి. లేచి నిలబడి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాను.

"అలాగేనండీ. ఒక్క నిమిషం ఆగండి, పైకెళ్లి అమ్మగారినో మాట అడిగొస్తాను" అన్నాను.