వీపు మీద చెయ్యి తప్ప

మా ఇంట్లో నాలుగు గుర్రాలుండేవి. నాలుగూ తినేవి, తిరిగేవి, పడుకునేవి. వాగు నుంచి నీళ్ళు మాత్రం మేమే మోసుకొచ్చుకునేవాళ్ళం. పొయ్యిలోకి కట్టెలు మేమే. కొండ కింది ఊళ్ళోంచి పిండి బస్తా కూడా మేమే. అంగడాయన బస్తా నా నెత్తికెత్తుతూ ప్రతిసారీ అదే మాట అనేవాడు. "ఇదెక్కడి చోద్యమమ్మా! గుర్రాలు మీవి, గాడిద చాకిరీ మీది!" ఆయనకి నవ్వొచ్చేది. నాకు మెడనొప్పి వచ్చేది.

ఈ నియమం మా నాన్న పెట్టింది. ఒకప్పుడు ఆయన పట్నంలో బండి గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. వాటి వీపుల మీద పుళ్ళు చూసి చూసి, ఒకరోజు సుత్తి పారేసి, రెండు ముసలి గుర్రాల్నీ అమ్మనీ చంటిపిల్లనైన నన్నూ వెంటబెట్టుకుని కొండెక్కేశాడు. ఆ ముసలివి పోయాయి. ఇప్పుడున్న నాలుగూ ఇక్కడ పుట్టినవే. "వీటి వీపు మీద చెయ్యి తప్ప ఇంకేం పడకూడదు" అన్నాడు. అన్న మాట మీద నిలబడే మనిషి. అదే మా ఖర్మ.

సెలవు రోజుల్లో పట్నం జనం చూడడానికి వచ్చేవాళ్ళు. "అబ్బ, ఎంత హాయి బతుకండీ మీది!" అనేవాళ్ళు. అమ్మ వాళ్ళకి చల్లటి నీళ్ళిచ్చేది. ఆ నీళ్ళు ఎవరి నెత్తి మీద వచ్చాయో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

గుర్రాల్లో గోధుమరంగు దాన్ని నాన్న 'పెద్దమ్మాయి' అని పిలిచేవాడు. అసలు పెద్దమ్మాయిని నేను, పంతొమ్మిదేళ్ళదాన్ని. నన్ను 'ఏయ్' అనేవాడు. తొమ్మిదేళ్ళ చెల్లికి ఆ పిలుపు కూడా లేదు.

ఒకరోజు పొద్దున్నే అమ్మ కడుపు పట్టుకుని చుట్టుకుపోయింది. కుడివైపు చెయ్యి వేస్తే కెవ్వుమంది. నాన్న వచ్చి చూశాడు.

"గుర్రానికి నలతగా ఉంటే ఏం చేస్తుంది? మేత మానేస్తుంది. మూడో రోజుకి అదే లేస్తుంది. మీ అమ్మకి మూడు రోజులు ఏం పెట్టకండి."

రెండో రోజుకి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆస్పత్రి ఆ కొండ కింది ఊళ్ళోనే, ఆరు మైళ్ళు.

"నాన్నా, పెద్దమ్మాయి మీద కూర్చోబెట్టి తీసుకెళ్దాం" అన్నాను.

"ఏం కూశావ్?"

"పోనీ నువ్వే ఎత్తుకో. నేనూ ఒక చెయ్యి వేస్తా."

"మూడు రోజులన్నానా? రేపటితో అయిపోతుంది. మీ అమ్మకి లేని తొందర నీకెందుకు?"

అమ్మ కళ్ళు కూడా తెరవకుండా "నాన్న చెప్పాడుగా, ఊరుకోవే" అంది. నాకు నాన్న మీద కంటే అమ్మ మీదే ఎక్కువ ఒళ్ళు మండింది. అంత నెప్పిలో కూడా ఆయన మాటే ఆవిడకి వేదం.

మూడో రోజు పొద్దున గుర్రాలు రెండు తప్పిపోయాయని నాన్న వెతుక్కుంటూ కొండ పైకి వెళ్ళాడు. అమ్మ పెదాలు నల్లబడ్డాయి. నా వీపున వేసుకుని లేవబోతే కడుపు ఒత్తుకుని అరిచింది. ఊళ్ళోకి పరిగెత్తి నలుగుర్ని పిలుచుకు రావచ్చుగా అని తర్వాత అందరూ అన్నారు. నిజమే, ఆ బుద్ధి పుట్టలేదు. కళ్ళెదుట గుర్రం నిలబడి ఉంటే ఎవరికి పుడుతుంది?

పెద్దమ్మాయి రోజూ అమ్మ చేతిలోంచే తవుడు తినేది. అమ్మ మాటంటే చెవులు రిక్కించేది. దాని కన్నా సాధువు మా ఇంట్లో మనుషుల్లో కూడా లేదు. కళ్ళెం అన్న వస్తువే మాకు లేదు కనుక చెల్లి జూలు పట్టుకుంది. నేను దుప్పటి పరిచి, మొద్దు మీద నించి అమ్మని ఎక్కించాను. గుర్రం వణికింది కానీ నిలబడింది. ఇరవై అడుగులు నడిచింది కూడా. అమ్మ సన్నగా నవ్వింది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదే నేను."

అంతలో నెప్పి మళ్ళీ లేచింది. అమ్మ ముడుచుకుపోయి, రెండు మడమలూ దాని డొక్కల్లోకి నొక్కేసింది. ఎన్నడూ బరువెరగని ప్రాణం! ముందుకాళ్ళు లేపేసింది. అమ్మ రాళ్ళ మీద పడింది. తల తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ అన్నం తినేటప్పుడు వినిపిస్తుంది.

నేను కర్ర తీసుకుని గుర్రం మీదికి పోయాను. "దాన్ని కొట్టకే" అంది అమ్మ కింద నుంచి. "దానికేం తెలుసు?"

సరిగ్గా అప్పుడు నాన్న దిగొచ్చాడు. గుర్రం మీద దుప్పటి చూశాడు, కింద అమ్మని చూశాడు. ఆయన వెళ్ళింది గుర్రం దగ్గరికే. దుప్పటి లాగి పారేసి, దాని కాళ్ళు ఒక్కొక్కటీ ఎత్తి తడిమి చూశాడు. "బెణికిందేమో, బెణికిందేమో" అని గొణుక్కున్నాడు. ఆయన మూడో కాలు చూస్తుండగా అమ్మ పోయింది. ఆవిడ కళ్ళు ఆయన వైపే ఉన్నాయి.

చెల్లి ఏడుపు విని తిరిగాడు. వచ్చి అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"డాక్టర్ చూడాలి" అన్నాడు.

ఎవర్నీ సాయం అడగలేదు. వంగి అమ్మని భుజానికెత్తుకుని నడక మొదలెట్టాడు. ఆరు మైళ్ళ దిగుడు దారి. "కాసేపు దించు నాన్నా" అని రెండుసార్లన్నాను. ఎక్కడా దించలేదు. వెనక నడుస్తూ నేను ఏడవలేదు, పళ్ళు కొరుక్కున్నాను. రెండున్నర గంటల్లో ఆస్పత్రి గుమ్మంలో ఉన్నాం.

డాక్టరమ్మ నాడి చూసి, చెయ్యి వదిలేసి, నాన్నని ఎగాదిగా చూసింది.

"అంత దూరం ఒక్కరే మోసుకొచ్చారా?"

"ఎంత బరువుందని" అన్నాడు నాన్న. "తేలిగ్గానే ఉంది."

"మూడు రోజులు పస్తు పెట్టిన మనిషి తేలిగ్గా కాక ఇంకెలా ఉంటుంది?" అని వరండా దద్దరిల్లేలా అరిచాను. బల్లల మీద కూర్చున్న రోగులందరూ తలలు తిప్పారు. ఆయన చెమట తుడుచుకున్నాడు.

"పెద్దమ్మాయి బెదిరిపోయి ఉంటుంది. చీకటి పడేలోపు వెళ్ళాలి" అన్నాడు. అమ్మని మాకు వదిలేసి కొండ దారి పట్టాడు.