గాజు కిటికీకి బొట్టు

అమలాపురం పక్కన ఆ ఇంజనీరింగు కాలేజీలో వాక్యూమ్ పంపులు చూసే రాఘవులు చదివింది మూడో తరగతి. చదువుకున్నవాళ్ల మధ్య ఆయన నోరు తెరవడు. తెరిస్తే తిట్టే వస్తుందని ఆయనకే తెలుసు.

ఆ రోజు గాలంతా లాగేసిన స్టీలు పెట్టెలో పరిశోధన చేస్తున్న అనురాధ తాలూకు గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకం ముక్క ఉంది. వేలిగోరంత. అదే ఆఖరిది. పాడైతే కాలేజీ మరోటి కొనదు, ఆమె మూడేళ్ల పరిశోధన అక్కడితో సరి.

పని మాత్రం పెద్ద మర్మమేం కాదు. పెట్టెకున్న గాజు కిటికీలోంచి వెలుగు పడితే ముక్కలో ఎలక్ట్రాన్లు లేస్తాయి. కాని బయటికి రావడానికి అంచున చేలగట్టులాంటి అడ్డం. సీజియం అనే లోహపు ఆవిరి పలచగా పూస్తే గట్టు దిగి, బయటికొచ్చిన ఎలక్ట్రాన్లని కొలిచే మీటరు ముల్లు లేస్తుంది. పూత ఎక్కువైతే ముల్లు వాలుతుంది. అప్పుడు సీజియం ఆపి రవ్వంత ఆక్సిజన్ ఇవ్వాలి. ఇలా మార్చి మార్చి. దానికి కావలసింది ఓపిక. ఆమె గైడు డాక్టరు నాగదుర్గాప్రసాద్ గారి డిగ్రీల్లో అదొక్కటీ లేదు.

మూడో విడతలో ముల్లు నలభై దగ్గరుండగా ప్రసాద్ గారు గంధం, కుంకం పళ్లెంతో వచ్చారు. మధ్యాహ్నం ఇన్‌స్పెక్షనట, పైగా శుక్రవారమట. పంపుకీ, మీటరుకీ, బల్లకీ బొట్లు పెట్టారు. గుండ్రంగా కనబడేసరికి ఆగలేక గాజు కిటికీకీ గంధం మెత్తి, మధ్యన కుంకం అద్దారు.

ముల్లు సున్నాకి పడింది.

"సీజియం చాల్లేదు. పెంచమ్మా" అన్నారు.

"పూత మందమైపోద్దేమోనండీ" అంది అనురాధ.

"నాకు చెబుతున్నావా?" అంటూ ఆయనే నాబ్ తిప్పేశారు.

రాఘవులు గొంతు సవరించుకున్నాడు. "సారండీ, ముందు ఆ కిటికీ చూడండి."

"ఎంతవరకు చదివేవు రాఘవులూ?"

"మూడండి."

"మరి?"

"ఆయ్. కళ్లు మూసుకుంటే చీకటని మూడులోనే చెప్పేసేరండి."

తువ్వాలు తడిపి కిటికీ తుడిచాడు. ప్రసాద్ గారి చెయ్యి పక్కకి నెట్టి సీజియం ఆపేశాడు. ముల్లు అయిదు దగ్గర నిలబడింది. అనురాధ మీటరు మీదికి వంగింది.

"పోయిందా తాతగారూ?"

"మునిగిందమ్మా, పోలేదు. ఆక్సిజన్ వదులు. మరీ సన్నంగా."

వదిలింది. ముల్లు కాసేపు కదల్లేదు. తర్వాత ఏడు. పన్నెండు. ముప్ఫై. నలభై ఒకటి దగ్గర ఆగింది. అనురాధ వాల్వు కట్టేసి, నోటుబుక్కులో అంకె రాసుకుంది.

ప్రసాద్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "చూసేవా? పూజయ్యేక ముందుకంటే ఒకటి ఎక్కువే లేచింది. ఇన్‌స్పెక్షన్ వాళ్లకిది చెప్పాలి."

రాఘవులు పళ్లెం తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాడు.

"మిగిలింది మీ కుర్చీకి పెట్టుకోండి సారండీ. దానికి వెలుగుతో పనిలేదు."