బయటికి చెప్పని ఒట్టు

జనవరి ఒకటో తారీఖు ఉదయం చర్చిలో పాస్టరుగారి భార్య ఒక్కొక్కరినీ లేపి, ఈ ఏడాది దేవుడి కోసం ఏం వదిలేస్తున్నారో అందరికీ వినబడేలా చెప్పమంది. ఒకావిడ కోపం వదిలేస్తానంది. ఇంకొకావిడ చాడీలు వదిలేస్తానంటే వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. రిస్పర్ అడోయో వంతు వచ్చింది. ఆమె వదలాలనుకున్నది సిగరెట్టు. పదహారేళ్ళుగా రోజుకు ఆరేడు కాలుస్తోందని ఆ చర్చిలో ఒక్కరికీ తెలియదు. నలభై ఆరేళ్ళ ఆడది, మొగుడు పోయిన మనిషి, ఆడవాళ్ళ సంఘంలో ముందు వరసలో పాడే మనిషి, సిగరెట్టు కాలుస్తుందంటే ఇంకేమైనా ఉందా!

"టీలో చక్కెర," అంది చివరికి.

"ప్రభువుకు స్తోత్రం," అన్నారంతా.

సిగరెట్టు సంగతి మనసులోనే ఒట్టు పెట్టుకుని కూర్చుంది. క్రిస్మస్ ముందు ఆసుపత్రి గుట్ట ఎక్కుతూ ఆయాసంతో మూడుచోట్ల ఆగిపోయింది. పక్కనే ఉన్న కూతురు మిల్‌డ్రెడ్ ఏమీ అనకుండా ఆమె చేతిలో సంచీ తీసుకుని ముందు నడిచింది. ఆ పిల్ల ఏమైనా అని ఉంటే బాగుండేది. అనకపోవడమే గుచ్చుకుంది.

అలా ఒక్క రోజులో చక్కెరా సిగరెట్టూ రెండూ పోయాయి. ఎవరింటికి వెళ్ళినా, "రిస్పర్‌కు చక్కెర వెయ్యకండి, మొక్కుకుంది!" అని ముందే కేకేసేవాళ్ళు. చప్పటి టీ గుటకేస్తూ ఆమె తన నోటిని తనే తిట్టుకునేది.

రిస్పర్ పని మిషన్ ఆసుపత్రి లాండ్రీలో. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఉన్న రెండు యంత్రాల్లో ఒకటి ఎప్పుడో చెడింది. వార్డుల నుంచి దుప్పట్లు గోతాల్లో వస్తాయి. వాటిని తెరిచి, విడదీసి, నెత్తురు గుడ్డలను సిమెంటు తొట్టిలో నానబెట్టి, బ్లీచింగు కలిపి చేత్తో రుద్దాలి. లాండ్రీకి ఆనుకునే శవాల గది. అక్కడి కాపలాదారు ఒబురకు అరవై దగ్గర పడ్డాయి. రెండింటికీ వెనక బాయిలరు గోడ ఉంది. ఆ గోడ చాటునే ఇద్దరూ సిగరెట్టు కాల్చేవాళ్ళు.

నాలుగో రోజు ఒబుర లాండ్రీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రిస్పర్ పుట్టిల్లు అలెగో కాబట్టి అతను ఆమెను ఎప్పుడూ ఆ ఊరి పేరుతోనే పిలిచేవాడు.

"ఏం అలెగో ఆడపడుచా, మా గోడ కంపు కొడుతోందా ఇప్పుడు?"

"మానేశానన్నా."

"ఎప్పట్నుంచి?"

"ఒకటో తారీఖు నుంచి."

"ఓస్! ఇవాళ నాలుగేగా. నేను పోయినేడు ఆరో తారీఖు దాకా ఆగాను. నన్ను దాటాక వచ్చి గొప్పలు చెప్పు."

ఆమె ఆరో తారీఖు దాటింది. దాటడం అంటే దాటడమే, సంబరమేమీ లేదు. తల దిమ్ముగా ఉండేది. చేతులు ఊరికే అప్రాను జేబులోకి పోయేవి. వేయించిన వేరుశనగలు గుప్పెడు నోట్లో పోసుకుని దవడలు నొప్పెట్టేదాకా నమిలేది. మిల్‌డ్రెడ్ మొక్కజొన్న పిండితో ఉగాలీ కలిపి ముందు పెడితే, గట్టిగా ఉందని ఒకరోజు, జావలా ఉందని ఒకరోజు విసుక్కునేది. వీటన్నిటితో పాటు ఆమెకు తెలియకుండానే పోయింది ఇంకొకటుంది. ఇన్నేళ్ళూ సిగరెట్టు పేరు చెప్పి రోజుకు ఆరుసార్లు నడుం నిటారుగా పెట్టి నిలబడింది. ఇప్పుడు నిలబడటానికి సాకే లేదు. పొద్దున తొట్టి మీదికి వంగితే మధ్యాహ్నం దాకా వంగే ఉంటోంది.

పన్నెండో రోజు సాయంత్రం ఇంటికి పోతుంటే దారిలో ఎవరో ఒమెనా చేపలు వేయిస్తున్నారు. రిస్పర్ ఠక్కున ఆగిపోయింది. ఆ వాసన ముక్కులోంచి నేరుగా కడుపులోకి దిగింది. ఇంటికెళ్తే కూతురి తల నూనె వాసన, ఊరి పక్క సరస్సు మీంచి వచ్చే గాలిలో పాచి వాసన, గోడకు వేలాడే పాత కోటులో ఇంకా మిగిలిన మొగుడి చెమట వాసన. ఆ రాత్రి ఆమె చాలాకాలానికి కడుపునిండా తింది.

మరునాడు పొద్దున మొదటి గోతం మూతి విప్పగానే పరుగెత్తి కాలువ దగ్గర వాంతి చేసుకుంది.

ఇన్నేళ్ళూ పొగలో పోయిన వాసనలన్నీ తిరిగొచ్చాయి. ఏ గోతం ఏ వార్డుదో చూడకుండానే చెప్పగలిగింది. మూతికి గుడ్డ కట్టుకుంది, ముక్కు కింద నిమ్మతొక్క రుద్దుకుంది. ఏదీ పనిచేయలేదు. సబ్బుతో తోముకుని ఇంటికి పోయినా వేళ్ళ సందుల్లో ఉన్నట్టే అనిపించేది. ఎందుకొచ్చిన ఒట్టు ఇది అనుకుంది. అయినా రోజు తరవాత రోజు గడుస్తూ పోయింది.

పంతొమ్మిదో రోజు కాన్పుల వార్డు గోతంలో దుప్పట్ల మధ్య ఒక పచ్చటి లెసో గుడ్డ వచ్చింది. ఆసుపత్రిది కాదు, ఎవరో బాలింత ఇంటి నుంచి తెచ్చుకుని నడుముకు చుట్టుకున్నది. పొరపాటున కలిసిపోయింది. రిస్పర్ దాన్ని విడిగా తీసి పక్కన పెట్టబోయి అలాగే ఉండిపోయింది.

కాన్పు నెత్తురు వాసన ఆమెకు తెలుసు. ఇది అది కాదు. దీని అడుగున తియ్యగా, కుళ్ళిన పండులా ఇంకొకటుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు సరిగ్గా ఇదే వాసన ఒక దుప్పట్లో వచ్చింది. అప్పుడు తనకెందుకులే, పైన డాక్టర్లు లేరా అని నోరు మూసుకుని ఉతికేసింది. మూడో రోజు ఆ దుప్పటి మనిషిని ఒబుర గదిలోకి తోసుకొచ్చారు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆ సాయంత్రమే బాయిలరు గోడ వెనక ఒబుర చేతిలో సిగరెట్టు అడిగి తీసుకుంది. రెండు దమ్ములకు ముక్కు మొద్దుబారింది. అలా మొద్దుబారితేనే హాయిగా ఉందనిపించింది.

ఆమె చేతి తొడుగులు విప్పి, లెసోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రబ్బరు బూట్లతోనే పైకి నడిచింది. లాండ్రీ వాళ్ళు వార్డుల్లోకి రావడం ఆనవాయితీ కాదు. చెబెట్ సిస్టర్ ఒక్కతే ముప్పై మంచాల మధ్య తిరుగుతోంది. పొద్దుటి నుంచి కూర్చున్నట్టు లేదు.

"ఇదెవరిది సిస్టర్?"

"గుడ్డ పోయిందని ఇప్పుడెవరేడ్చారమ్మా? అక్కడ పెట్టి వెళ్ళు."

"గుడ్డ సంగతి కాదు. ఇది వాసనొస్తోంది."

"కాన్పుల వార్డులో గుడ్డ మల్లెపూల వాసనొస్తుందా?"

"కుళ్ళు వాసన సిస్టర్. లోపల కుళ్ళుతోంది. నాకు తెలుసు."

"ఆహా. ఏ కాలేజీలో చదివావు? బట్టలుతికేవాళ్ళు కూడా రోగాలు చెబుతుంటే ఇక మేమెందుకు? బూట్లతో నేలంతా పాడుచేశావు, వెళ్ళు."

రిస్పర్ వెళ్ళలేదు. అలిసిపోయి ఉంది. గొడవపడే ఓపిక లేదు, మెట్లు దిగే ఓపిక అంతకన్నా లేదు. లెసోను ఎత్తి పట్టుకుని, "ఇదెవరిదమ్మా?" అని వార్డంతా వినబడేలా అడిగింది. కిటికీ పక్క మంచం మీద మూట సర్దుకుంటున్న అమ్మాయి, "నాది ఆంటీ," అంది. పేరు క్వింటర్. ఆపరేషను కాన్పయి ఆరో రోజు. మధ్యాహ్నం ఇంటికి పంపుతున్నారు.

రిస్పర్ వెళ్ళి ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టింది. కాలుతోంది.

"పొద్దున జ్వరం చూడలేదా నీకు?"

క్వింటర్ గొంతు తగ్గించింది. "జ్వరం చూసే కర్ర నోట్లో పెట్టబోయే ముందు చన్నీళ్ళు పుక్కిలించాను. ఆంటీ, చెప్పకు. ఇంటి దగ్గర పెద్దది రెండేళ్ళది, పక్కింట్లో వదిలొచ్చాను. నేను పోవాలి."

"పోదువుగాని. ముందు బతుకు," అంది రిస్పర్. తరవాత వెనక్కి తిరిగి, "సిస్టర్, ఒక్కసారి కట్టు విప్పి చూడండి. ఏమీ లేకపోతే నన్ను తిట్టండి, నిలబడి తిట్టించుకుంటాను," అంది.

చెబెట్ సిస్టర్ విసురుగా వచ్చి కట్టు విప్పింది. కుట్ల పక్కన వేలితో మెల్లగా నొక్కింది. క్వింటర్ కెవ్వుమంది. సిస్టర్ డాక్టరు కోసం మనిషిని పరుగెత్తించింది. అప్పటికి రిస్పర్ మెట్ల దగ్గరుంది. ఆమె వెళ్ళేది ఎవరూ చూడలేదు.

ఆ మధ్యాహ్నమే కుట్లు విప్పి, లోపలున్నదంతా కడిగారు. రెండు రోజులు ఎటూ తేలలేదు. ఆ రెండు రోజులూ శవాల గది తలుపు కిర్రుమన్నప్పుడల్లా రిస్పర్ తొట్టి వదిలి గుమ్మంలోకి వచ్చి, తోపుడు మంచం మీద ఎవరో చూసి వెళ్ళింది. మూడో రోజు క్వింటర్ లేచి కూర్చుని గంజి తాగిందని వార్డు ఆయా చెప్పింది.

నాలుగో రోజు పొద్దున గోతాలతో పాటు చెబెట్ సిస్టరే స్వయంగా కిందికి వచ్చింది. క్షమించమనలేదు. తొట్టి వంక చూస్తూ, "ఇకనుంచి మా గోతం ముందు విప్పు. తేడాగా ఏదైనా తగిలితే నాకు కబురు చెయ్యి," అంది. మరునాటికి ఆపరేషన్ల వార్డు నుంచి కూడా అదే మాట వచ్చింది. అందరికన్నా ముందు ఆమె ఒక్కతే ప్రతి గోతంలోనూ తల దూర్చి వాసన చూడాలి. జీతం అదే. పని ఒక గంట పెరిగింది.

ఇరవై ఆరో రోజు, తొమ్మిదో గోతం అయ్యాక రిస్పర్ బాయిలరు గోడ వెనక్కి వెళ్ళింది. ఒబుర అక్కడే ఉన్నాడు.

"ఒకటివ్వన్నా."

అతను ఒకటి తీసి వెలిగించి ఇచ్చాడు. ఆమె ఒక దమ్ము లాగి దగ్గింది, రెండోది లాగింది. తల కొంచెం తేలికైంది. గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. నడుం నిటారుగా నిలబడి ఎన్నాళ్ళయిందో.

"బాగుందా?" అన్నాడు ఒబుర.

"బాగుంది. అదేగా నా ఏడుపు." కళ్ళు తెరిచి వేళ్ళ మధ్య కాలుతున్నదాన్ని చూసింది. "ఇది పూర్తి చేస్తే సాయంత్రానికి ఇంకోటి కావాలి. రేపు ఆరు. మళ్ళీ ఎప్పుడో ఒకటో తారీఖొస్తుంది, మళ్ళీ తలనొప్పి, మళ్ళీ ఆ వాంతులు. ఈ ఇరవై ఆరు రోజులూ మళ్ళీ మొదట్నుంచి చేసే ఓపిక నాకు లేదన్నా."

సగం కూడా కాలని సిగరెట్టు అతని చేతిలో పెట్టింది. ఒబుర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో పెట్టుకున్నాడు.

"అయితే పనిలోకి పోతున్నావా?"

"లేదు. ఇక్కడే నిలబడతాను కాసేపు. సిగరెట్టు లేకుండా నిలబడకూడదని రూలేం లేదుగా."

అతను నవ్వి కొంచెం పక్కకు జరిగి, గోడ నీడలో ఆమెకు చోటిచ్చాడు.